గాలికి పోయిన వీసం

నా జీవితంలో నేను చేసిన గొప్ప బేరం ఏదంటే, లేని సరుకుని అమ్మడం. పెట్టుబడి లేదు, గోడౌన్ అక్కర్లేదు, ఎలకల బెడద లేదు. నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాను, నెలకి వంద డాలర్లు మిగిలాయి. మా ఇంట్లో నాలుగు తరాలుగా ధాన్యం వ్యాపారమే. తడిసిన మినుములు ఎండబెట్టి అమ్మినవాళ్ళున్నారు, ఈ ఏటి బియ్యాన్ని నిరుటి బియ్యమని అమ్మినవాళ్ళున్నారు. గాలిని మూటగట్టి అమ్మింది మాత్రం నేనొక్కదాన్నే.

నేను అమ్మింది ఒక మాట పుట్టుక. కొన్నది కెనడాలో ఏజాక్స్ అనే ఊళ్ళో నేను అద్దెకున్న ఇంటాయన. రిటైరైన సివిల్ ఇంజనీరు. నలభై ఏళ్ళు ఈ దేశంలో వంతెనలు కట్టించి, చివరికి చిన్నప్పుడు విన్న కొలతల మాటలన్నీ ఒక పుస్తకంగా రాయాలని కూర్చున్న మనిషి.

ముందు మా కొట్టు సంగతి చెప్పాలి. తెనాలి బజార్లో ముందువైపు కిరాణా, వెనకవైపు ధాన్యం. నేను పుట్టేనాటికే కాటాలు వచ్చేసినా, చిన్న రైతులు తెచ్చే వడ్లు మా తాత కుంచంతోనే కొలిచేవాడు. మొదటి కుంచం పోసి ‘ఒకటి’ అనేవాడు కాదు, ‘లాభం’ అనేవాడు. లాభం, రెండు, మూడు, నాలుగు. బడిలో వేసిన మొదటి వారం టీచరు అంకెలు చెప్పమంటే నేనూ లాభం నుంచే మొదలుపెట్టాను. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి ఏడిస్తే తాత, “వాళ్ళది బడి, మనది కొట్టు. రెండు చోట్లా రెండు లెక్కలు” అన్నాడు. అలా ఆరేళ్ళకే నాకు రెండు లెక్కలు అలవాటయ్యాయి.

మా కొట్లో ఇంకో కట్టుబాటుండేది. తక్కెడ ముందు ఇంట్లోవాళ్ళు ఒకరి మాట ఒకరు కాదనకూడదు. అమ్మ ఒకావిడతో “ఇవి ఏడాది పాతవి” అంటుంటే, ఆ పొద్దున్నే లారీలోంచి ఆ బస్తాలు దింపించిన నాన్న వెనక నుంచి వచ్చి “ఏడాది పైమాటే” అనేవాడు. తప్పో ఒప్పో ఇంటికెళ్ళాక తేల్చుకోవాలి. నిజానికి ఇంటికెళ్ళాక ఎవరూ తేల్చుకునేవాళ్ళు కాదు.

కెనడాకి మనవాళ్ళు బస్తాల్లా దిగుతున్న ఏళ్ళలో నేనూ దిగాను. నాన్న వెనకవైపు గోడౌన్ అమ్మి ఫీజు కట్టాడు. కాలేజీ అంటే స్కార్బరోలో ఒక ఆఫీసు భవనంలో రెండంతస్తులు. కోర్సు సప్లై చెయిన్ మేనేజ్‌మెంట్. సరుకు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళ్తుందో చెప్పడానికి మా తాత ఒక్క పైసా తీసుకునేవాడు కాదు. అక్కడ సెమిస్టర్‌కి ఇంతని తీసుకున్నారు. క్లాసులో నూటికి తొంభై మంది పంజాబీలో, గుజరాతీలో, తెలుగులో గుసగుసలాడుకునేవాళ్ళు. పాఠం గురించి కాదు. షిఫ్టులు, వర్క్ పర్మిట్, పీఆర్ పాయింట్లు. అందరి మొహాల్లోనూ ఒకటే భయం ఉండేది, కొట్టు కట్టేసే వేళకి చేరిన ఖాతాదారు మొహంలో లాంటిది.

ఏజాక్స్ ఇంటి బేస్‌మెంట్‌లో గది చూడ్డానికి వెళ్ళినప్పుడు అద్దె ఏడువందలన్నారు. అలవాటు ప్రకారం ఐదువందలన్నాను.

“ఇది బజారు కాదమ్మా, బేస్‌మెంటు” అంది ఇంటాయన భార్య, ఆంటీ. ఆవిడ బొంబాయిలో పెరిగిన మనిషి. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం రాదు.

“బజారైతే నాలుగొందలనే మొదలుపెట్టేదాన్ని ఆంటీ. ఇల్లు కాబట్టి ఐదొందలన్నా.”

పక్క గదిలోంచి నవ్వు వినపడింది. అంకుల్ గోడ పట్టుకుంటూ వచ్చారు. “ఎవరమ్మాయివి? మీ వాళ్ళేం చేస్తారు?” అన్నారు. చెప్పాను. “ధాన్యం కొట్టా? మీ ఇంట్లో కుంచం ఉండేదా? కొలిచేటప్పుడు ఏమని లెక్కపెట్టేవాళ్ళు?”

“లాభం, రెండు, మూడు…”

ఆయన ఆంటీ వైపు తిరిగి, “ఆరొందలకి ఇచ్చెయ్” అన్నారు. “ఆదివారం పొద్దున ఒక గంట నాతో కూర్చుని మీ కొట్టు మాటలు చెప్పాలి. సరేనా?”

ఏడువందల గది ఆరువందలకి వచ్చింది, గంట కబుర్లకి. ఆ రోజు బస్ ఎక్కి నాలో నేనే నవ్వుకున్నాను. ఈ దేశంలో ఎవరూ బేరం ఆడరని చెప్పినవాళ్ళ మీద జాలేసింది.

మొదటి ఆదివారమే ఆయన తన పరిస్థితి దాచకుండా చెప్పారు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడికంటిలో నడిమధ్య మసక మొదలైంది, సూదులు వేస్తున్నారు, అయినా ఆగడం లేదు. “డాక్టరు ఏడాది అన్నాడమ్మా, కాస్త అటూ ఇటూ. చదివినా పోతుందట, చదవకపోయినా పోతుందట. అలాంటప్పుడు చదివి పోగొట్టుకుంటే నయం కదా?” పుస్తకంలో నలభై మాటలు. ఇరవై నాలుగు రాసేశారు. పదహారు మిగిలాయి. చూపు పోయేలోగా ఆ పదహారూ అయిపోవాలి. ఆయనకి ఈ లోకంలో మిగిలిన పని అదొక్కటే. పిల్లలు ఇంగ్లీషులోనే జవాబు చెబుతారు, వాళ్ళ పిల్లలు ఆ జవాబు కూడా చెప్పరు. అయినా రాస్తున్నారు.

ఎదురుగా వంటింటి మూలలో నలభై పౌండ్ల బియ్యం బస్తా ఉండేది. కూర్చోగానే కుర్చీలోంచి దాన్ని చదివేవారు. అదే ఆయన కంటిపరీక్ష. సెప్టెంబరులో కింద సన్నగా ఉన్న ‘నికర బరువు’ వరస కూడా చదివారు. “ఇంకా దుకాణం తెరిచే ఉంది” అన్నారు.

మూడు నెలలు నిజాయితీగా అమ్మాను. తవ్వ, సోల, గిద్దె, అడ్డ. తూకం అయ్యాక వేసే కొసరు. తాత తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని దళారితో ధర తేల్చుకునే తీరు. ఆయన వినేవారు, పెద్ద భూతద్దం దీపం కింద రాసుకునేవారు. కొన్ని మాటలు మాత్రం వెనక గదిలో ఉంచాను. సరుకంతా ఒకేసారి బయటపెట్టకూడదని మాకు నేర్పారు. అయినా నవంబరు చివరికి నా బస్తా అడుగు కనపడింది. అదే వారం నేను పార్ట్‌టైమ్ చేసే వేర్‌హౌస్‌లో షిఫ్టులు సగానికి తగ్గించారు. మాటలైపోతే వంద డాలర్లూ పోతాయని నా లెక్క. అలా అని ఎవరూ అనలేదు. అడిగితే ఏమనేవారో కూడా నేను అడగలేదు.

ఆ ఆదివారం వచ్చిన మాట ‘వీసం’. ఇరవై తొమ్మిదో మాట.

ఆయన దగ్గర చాలావరకు సిద్ధంగానే ఉంది. వీసం అంటే ముందు ఒక వడ్లగింజ ఎత్తు. కంసాలి బంగారం తూచేటప్పుడు త్రాసు రెండో పళ్ళెంలో గింజ వేసేవాడు. తర్వాత అది డబ్బుల్లోకి వచ్చింది, నాణెంలో పదహారో వంతు అయింది. ఆపైన పొలాల్లో, వ్యాపారాల్లో ‘వీసం వాటా’ అయింది. ఇప్పుడు మనం ‘వీసమెత్తు విలువ లేదు’ అనేటప్పుడు తప్ప వాడం. “గింజ నాణెమైంది, నాణెం వాటా అయింది, వాటా చివరికి ఏమీ లేకపోవడానికి పేరైంది. పాపం, ఎంత నడిచింది చూడు” అన్నారు. “అసలు ఈ మాట ఎక్కడ పుట్టిందో మాత్రం దొరకలేదమ్మా. తమిళంలో ఉంది, కన్నడంలో ఉంది. సంస్కృతం నుంచి అని కొందరంటారు, నాకు నమ్మకం లేదు. తెలియదు అని రాసేసి ముప్పయ్యో మాటకి వెళ్దామనుకుంటున్నా. మీ కొట్లో ఏమైనా అనేవాళ్ళా?”

లేదు అంకుల్, అంటే అయిపోయేది.

“అనేవాళ్ళు అంకుల్” అన్నాను. “కళ్ళంలో వడ్లు తూర్పారబడతారు కదా. గాలి వీసినప్పుడు పొట్టుతో పాటు కొన్ని గింజలు ఎగిరిపోతాయి. అలా గాలికి పోయేదాన్ని వీసం అనేవాళ్ళు. రైతు దగ్గర కొనేటప్పుడు మా తాత ఆ వీసం కింద కొంత తీసేసేవాడు.”

ఆయన కలం ఆగింది. “మరి పదహారో వంతు ఎందుకైంది?”

ఖాతాదారు ధర అడిగాక ఆలోచించకూడదు. ఆలోచిస్తే సరుకు మీద అనుమానం వస్తుంది. “పదహారు కుంచాలకి ఒక కుంచం పోతుందని లెక్క.”

నిజానికి రైతు ధాన్యంలో తాలుకీ తేమకీ తీసేసేదాన్ని మా కొట్లో ‘తరుగు’ అంటారు. అందరి కొట్లోనూ తరుగే అంటారు. నేను వెనక గదిలో ఉంచిన మాటల్లో అదొకటి. దానికి కొత్త గోనె కుట్టి, పైన వీసం అని ముద్ర కొట్టి అమ్మాను.

వారం తిరిగేసరికి ఆయన నాకోసం మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. ఒక పాత తమిళ నిఘంటువు దొరికిందట. “తమిళంలో కూడా ‘వీసు’ అంటే గాలి వీచడమేనమ్మా. చూశావా? మీ తాతగారు చెప్పింది ఊరికే పోలేదు.” ఆయన మొహం చూసి నాకు భయం వేసింది. నా అబద్ధానికి నాకు తెలియకుండా ఎవరో సాక్ష్యం చెప్పినట్టుంది. “ఒక్కసారి మీ నాన్నగారితో మాట్లాడదామా? పుస్తకంలో రాయాలంటే ఇంకో నోట వినాలి కదా.”

నాన్న కాదంటాడు, ఇక్కడితో ఆగిపోతుందనుకున్నాను. నిజంగా తేలికపడ్డాను కూడా. వీడియో కాల్ చేశాను. అక్కడ కొట్లో దీపాలు పెట్టిన వేళ, నాన్న గల్లాపెట్టె ముందు ఉన్నాడు. అంకుల్ నమస్కారం పెట్టి అంతా వివరించి, “మీ తండ్రిగారు తీసేసేదాన్ని వీసమనేవారట, నిజమేనాండీ?” అన్నారు.

నాన్న నా మొహం వైపు ఒక్క క్షణం చూశాడు.

“అవునండీ” అన్నాడు. “మా నాన్న వీసం తియ్యందే కుంచం దించేవాడు కాదండి. వీసం, వీసం అని రైతులు ఆయన్ని తిట్టిపోసేవాళ్ళు కూడా.”

కిందికొచ్చి మళ్ళీ ఫోన్ చేశాను. “నాన్నా, అది నేను కల్పించి చెప్పాను.”

“అదేంటే, ముందు చెప్పొద్దూ? నువ్వేదో బేరంలో ఉన్నావనుకున్నా.” వెంటనే లెక్కలోకి దిగాడు. “ఎంతకి?”

“నెలకి వంద.”

“డాలర్లా?” రూపాయల్లోకి మార్చుకుని ఉంటాడు. “పెద్దాయన మంచివాడిలా ఉన్నాడమ్మా. ఎప్పుడో నెమ్మదిగా చెప్పెయ్” అన్నాడు. ఎప్పుడో అంటే మా ఇంట్లో అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు.

ఆ శీతకాలమంతా ఆయన గాలికి పోయిన గింజ కోసం వెతికారు. శాసనాల సంపుటాలు లైబ్రరీ ద్వారా వేరే ఊళ్ళ నుంచి తెప్పించారు. వాటిని పెద్ద అక్షరాల్లో కాపీలు తీయించి మంచులో మోసుకొచ్చింది నేనే. బస్ స్టాప్ నుంచి ఇంటికి పన్నెండు నిమిషాలు, చేతులు తిమ్మిరెక్కేవి. ఆ తిమ్మిరిని శిక్ష కింద జమ వేసుకుని ఆ వారానికి మనసు సరిపెట్టుకునేదాన్ని. ఏ శాసనంలోనో వీసం అని కనపడితే పిలిచేవారు. అక్కడ భూమి వాటా గురించి ఉండేది, దీపానికి ఇచ్చిన ధనం గురించి ఉండేది. గాలి ఉండేది కాదు. “ఉంటుందమ్మా. ఇద్దరు చెప్పిన మాట ఊరికే పుట్టదు” అనేవారు.

జనవరిలో బస్తా మీద ‘40’ అనే అంకె మాత్రం చదవగలిగారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచింది. ఉప్మాలో నిమ్మకాయ పిండుతూ, నా వైపు చూడకుండా అడిగింది. “ఇదొక్కటీ తేలితే మిగతా పదకొండూ వారానికొకటి రాసేస్తానంటున్నారు. నాకా చదవడం రాదు, సాయం చేద్దామంటే. నిజంగా మీ ఇంట్లో అలా అనేవాళ్ళా?”

నిజం చెప్పడానికి ఆవిడ తలుపు తీసి పట్టుకున్నట్టే. నేను గడప దాటితే చాలు. ఆ నెల కాలేజీలో మా కోర్సు మూసేస్తారని పుకారు. అద్దె పెరిగితే వెళ్ళడానికి ఇంకో గది లేదు, ఉన్న గదుల్లో నలుగురేసి ఉన్నారు. ఇవన్నీ ఆ క్షణంలో నాకు గుర్తొచ్చాయని చెప్పుకోవచ్చు. గుర్తు రాలేదు. తక్కెడ ముందు మాట మార్చకూడదన్న అలవాటొక్కటే వచ్చింది.

“అనేవాళ్ళు ఆంటీ” అన్నాను.

ఆవిడ ఉప్మా గిన్నె నా చేతికిచ్చింది.

ఏప్రిల్లో మంచు కరిగిన ఆదివారం నేను పైకి వెళ్ళేసరికి ఆయన కుర్చీలో కూర్చుని మూల వైపు చూస్తున్నారు. “బస్తా అక్కడే ఉందా, తీసేశారా?” అన్నారు. బస్తా అక్కడే ఉంది. ఆంటీ పొయ్యి కట్టేసి అలాగే నిలబడిపోయింది.

అప్పుడు చెప్పాను. ఎందుకప్పుడు అంటే, ఇక అమ్మడానికి కొనేవాళ్ళు లేరు కాబట్టేమో. అంత నీచంగా ఉండకూడదని అనుకుంటాను కానీ, వేరే కారణం దొరకలేదు.

ఆయన పూర్తిగా విన్నారు. తిట్టలేదు. “మరి ఆ తీసేసేదాన్ని మీ కొట్లో ఏమనేవాళ్ళు?” అన్నారు.

“తరుగు అంకుల్.”

“తరుగు” అన్నారు. “అది నా జాబితాలో లేదు.”

తర్వాత ఆ వీసం కాగితాలు తెచ్చి చదవమన్నారు. ఎక్కడెక్కడ గాలి ఉందో అక్కడ కొట్టేయాలి. ముప్పై నాలుగు పేజీలు. మొదటి పేజీల్లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పోను పోను పెద్దవవుతూ, వరస తప్పుతూ, చివరి పేజీల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. దాదాపు ప్రతి పేజీలో మా తాత ఉన్నాడు, గౌరవంగా, బహువచనంలో. నేను చదువుతూ కొట్టేశాను. చివరికి రెండు పేజీలు మిగిలాయి, నవంబరులో ఆయన దగ్గర ఉన్నవే. మాట పుట్టుక దగ్గర ఖాళీ ఉంచి, కలం ఆయన చేతికిచ్చి, వేలితో చోటు చూపించాను. ‘తెలియదు’ అని ఆయనే రాశారు. చివరి ‘దు’ వరస కిందకి జారిపోయింది.

“మిగతా పదకొండూ మీరు చెప్పండి అంకుల్, నేను చదివి పెడతాను, నేనే రాస్తాను. ఎన్ని నెలలైనా సరే” అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు, నేనున్న చోటుకి కొంచెం పక్కకి. “నువ్వు చదివితే అక్కడ ఉన్నదే చదువుతున్నావని నాకెలా తెలుస్తుందమ్మా?” అన్నారు. కోపం లేదు. ఇంజనీరు కొలత అడిగినట్టు అడిగారు.

కిందికి వెళ్ళబోతూ ఆంటీతో, తగ్గించిన అద్దె వెనక్కి ఇచ్చేస్తానన్నాను.

“ఎంత?” అంది ఆవిడ.

“డిసెంబరు నుంచి ఐదు నెలలు. ఐదువందలు.”

“ఆయన కంటికి రేటు కట్టావన్నమాట” అంది. “ఆ వంద డాలర్లు నీ మాటల కోసం తగ్గించారనుకున్నావా? ఇంట్లో తెలుగు వినపడుతుందని తగ్గించారు. నువ్వు కూర్చుని సినిమా కబుర్లు చెప్పినా తగ్గేది.”

మే నెలలో గది ఖాళీ చేసి, కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊరికి వచ్చేశాను. ఇక్కడ ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు కాటా మీద పెట్టి స్టిక్కర్ అంటించే పని. మా కోర్సు మూసేశారు, వర్క్ పర్మిట్ సంగతి తేలలేదు. ఆయన పుస్తకం ఇరవై తొమ్మిది మాటల దగ్గర ఆగిపోయిందని ఆంటీ ఒకసారి మెసేజ్ పెట్టింది. అడిగితే చెప్పింది, తనంతట తాను కాదు.

ఇక లెక్క. దీన్ని లాభం అని మొదలుపెట్టలేను కాబట్టి ఒకటి అనే మొదలుపెడతాను. ఒకటి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మూడువందలు. అవి నిజమైన మాటలకి వచ్చినవి, వాటిని నావే అనుకుంటాను. రెండు, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఐదువందలు, ఒక్క అబద్ధానికి. మూడు, ఆయన వైపు ఖర్చు. ఒక కుడికన్ను చివరి శీతకాలం, ముప్పై రెండు పేజీలు, రాయని పదకొండు మాటలు. చదివిపెట్టడానికి నేనొకదాన్ని ఉండేదాన్ని, అదీ పోయింది. వీటికి రేటు కట్టడం నాకు రాదు. ఆ ఐదువందలూ వెనక్కి ఇస్తానని చెప్పింది నిజమే. ఇవ్వలేదు. కేంబ్రిడ్జ్‌లో గదికి మొదటి నెల అద్దె కింద ఇచ్చేశాను, చెప్పిన ధరకి, బేరం ఆడకుండా.